తొట్టిలో మొక్క మూన తిరగాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: చేపల తొట్టిలో మొక్కలు నిలబడటం లేదు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు అడిగారని కొత్తగా తొట్టి పెట్టినవాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు. అందుకే ఈ సంచిక మొత్తం నీటి మొక్కలకే. చెన్నైలో ఉన్న మనవాళ్ల ఉత్తరాలే ఎక్కువ కాబట్టి ఇక్కడి నీళ్లు, ఇక్కడి ఎండలు దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఒంగోలు, ఉద్యోగం వల్ల చెన్నైలో ఉంటున్నాం. 2 అడుగుల తొట్టి, రెండు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు గప్పీలు. అడుగున నీలం రంగు రాళ్లు 5 కిలోలు పోశాం. వాలిస్నేరియా మూడు కట్టలు కొన్నాను. రాత్రి గుచ్చి పడుకుంటే పొద్దున్నకల్లా అన్నీ పైన తేలుతున్నాయి. షాపులో చుట్టి ఇచ్చిన సీసం రేకుతో సహా పాతినా అంతే. ఇది నాలుగోసారి. మా ఆవిడేమో ప్లాస్టిక్ మొక్కలు పెట్టేసి ఊరుకోమంటోంది. ఏం చేయమంటారు? (షోళింగనల్లూరు నుంచి)

జవాబు: తమ్ముడూ, ప్లాస్టిక్ మొక్కలు అప్పుడే కొనకండి. మీ తప్పు పెద్దదేం కాదు, దాదాపు అందరం అక్కడే మొదలుపెట్టాం.

మొక్కను పాతడం ఒక పని, అది వేరు పట్టడం ఇంకో పని. పాతడం మన చేతిలో ఉంది, పది నిమిషాల్లో అయిపోతుంది. వేరు పట్టడం మొక్క చేతిలో ఉంది, దానికి రెండు మూడు వారాలు కావాలి. మా నెల్లూరు వైపు వరి నాట్లు వేశాక మొదటి వారం మడి చూస్తే దిగులేస్తుంది. పసుపు తిరిగి, వాలిపోయి, ఇది బతుకుతుందా అనిపిస్తుంది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే వెళ్లి చూస్తే మడంతా లేత పచ్చగా లేచి ఉంటుంది. మూన తిరిగింది అంటారు. తొట్టిలో మొక్క కూడా అలాగే మూన తిరగాలి. అప్పటిదాకా దాన్ని ఎవరూ కదపకుండా, పీకకుండా కాపాడటం ఒక్కటే మన పని. మీరు నాలుగుసార్లు నాటారు గానీ, ఒక్కసారి కూడా ఆ రెండు వారాలు దానికి దొరకలేదు.

అసలు అది ఎందుకు తేలుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. తామర తూడును అడ్డంగా కోస్తే లోపల కన్నాలు కనబడతాయి కదా, చాలా నీటి మొక్కల కాడల్లో, ఆకుల్లో అలాంటి గాలి గదులే చిన్నచిన్నవి ఉంటాయి. పైగా లైటు వేశాక ఆకులు ఆక్సిజన్ వదులుతాయి, ఆ బుడగలు ఆకులకే అంటుకుని పైకి లాగుతుంటాయి. కాబట్టి వేరు పట్టని మొక్క తేలిపోవడంలో వింతేమీ లేదు. దాన్ని పట్టి ఉంచాల్సింది అడుగున ఉన్న ఇసుక, మీ తొట్టిలో లేనిదే అది.

లెక్క చూడండి. మీ తొట్టి అడుగు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు అనుకుందాం. 5 కిలోల రాళ్లు పోస్తే 2 సెంటీమీటర్ల మందం కూడా రాదు. మొక్కకు కావలసింది కనీసం 6 సెంటీమీటర్లు, అంటే దగ్గరదగ్గర బెత్తెడు. దానికి 16, 17 కిలోలు పడుతుంది. షాపువాళ్లు 5 కిలోల సంచీ ఇచ్చి పంపేది అందం కోసం, మొక్కల కోసం కాదు. రంగురాళ్లు శనగ గింజంత ఉంటాయి, వాటి మధ్య సందుల్లో వేరుకు పట్టు దొరకదు. ఆవగింజకూ పెసరగింజకూ మధ్య సైజులో ఉండే మామూలు గ్రావెల్ గానీ, బాగా కడిగిన ముతక నది ఇసుక గానీ తీసుకోండి. కొనేముందు గుప్పెడు ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి. నురగ వస్తే అందులో గవ్వలు, సున్నపురాయి ఉన్నట్టే, నీళ్లను గట్టిపరుస్తుంది, వద్దు. ఇళ్లు కట్టే ఎం-శాండ్ కూడా వద్దు. దాని దుమ్ము ఎన్నిసార్లు కడిగినా వదలదు, అడుగున తిరిగే చేపల మూతులు గీసుకుపోతాయి.

ఇక నాటే పద్ధతి. ముందు ఆ రేకు విప్పేయండి, స్పాంజి ముక్క, దూది లాంటిది ఉంటే అదీ తీసేయండి. రేకు నొక్కిన చోట కాడ నలిగి, ఇసుక లోపల కుళ్లుతుంది. మొక్క తెగి పైకి వచ్చేది అక్కడే. కట్టను అలాగే గుచ్చకుండా ఏ మొక్కకు ఆ మొక్క విడదీయండి. పాత వేళ్లను రెండు వేళ్ల మందం ఉంచి కత్తెరతో కత్తిరించండి. భయపడకండి, ఆ పాత వేళ్లు ఎలాగూ చాలావరకు చచ్చిపోతాయి, కొత్తవి మొవ్వు కింద నుంచి తెల్లగా వస్తాయి. తొట్టిలో నీళ్లు సగానికి దించి, ఇసుకలో వేలితో గుంట చేసి, మొక్కను కావలసినదానికంటే లోతుగా దించి, చుట్టూ ఇసుక కప్పి, ఆకుల మొదలు పట్టుకుని మెల్లగా పైకి లాగండి. వాలిస్నేరియా మొదట్లో తెల్లటి భాగం, ఆకుపచ్చ భాగం కలిసే చోట ఒక గీత లాంటిది కనబడుతుంది. ఆ గీత ఇసుక పైకి రాగానే ఆపేయండి. ఇలా పైకి లాగినప్పుడు లోపల వేళ్లన్నీ కిందికి సర్దుకుంటాయి. మొవ్వు ఇసుకలో కూరుకుపోతే మాత్రం మొక్క మొత్తం కుళ్లుతుంది. తర్వాత ఒక పళ్లెం బోర్లించి దాని మీద నెమ్మదిగా నీళ్లు పోయండి. ఫిల్టర్ మూతి గోడవైపు తిప్పండి, ధార సూటిగా మొక్కకు తగలకూడదు.

మిగిలింది గోల్డ్‌ఫిష్. మీ మొక్కలు పీకుతున్నది ముఖ్యంగా అదే. అడుగున రాళ్లు నోట్లోకి తీసుకుని, తినేది ఏమైనా ఉంటే మింగి, మిగతావి ఉమ్మేయడం దాని పుట్టుబుద్ధి, దాన్ని కోప్పడి లాభం లేదు. ఈ మూడు వారాలు గోల్డ్‌ఫిష్‌లను వేరే టబ్బులో ఎయిర్ పంప్ పెట్టి ఉంచండి, రోజు విడిచి రోజు కొంత నీరు మార్చండి. గప్పీలు తొట్టిలోనే ఉండొచ్చు, అవి దేన్నీ తవ్వవు. టబ్బు కుదరకపోతే రంగు వేయని మట్టి టీ కప్పుల్లో ఇసుక పోసి, అందులో నాటి, పైన చపాతీల్లా పలుచగా ఉండే చిన్న రాళ్లు నాలుగు పేర్చండి. గోల్డ్‌ఫిష్ మూతి లోపలికి దూరదు.

గోల్డ్‌ఫిష్, వాలిస్నేరియా కలిసి బతకవని కొందరు కొట్టిపారేస్తారు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, తొట్టిలో చేపలూ మొక్కలూ ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయో చూపించడానికి వాడినవి సరిగ్గా ఈ రెండే, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా. వేరు పట్టి పిలకలు వేసిన వాలిస్నేరియాను గోల్డ్‌ఫిష్ అంత తేలిగ్గా పీకలేదు. అయితే ఒక మాట సూటిగా చెప్పాలి: రెండు గోల్డ్‌ఫిష్‌లు పెద్దవైతే 2 అడుగుల తొట్టి వాటికి చాలదు. ఏడాదిలోగా పెద్ద తొట్టి గురించి ఆలోచించండి.

ఒక చేయకూడని పని చెప్తాను. పదో రోజున "వేరు వచ్చిందా" అని పీకి చూస్తాం, నేనూ చూశాను. పీకినప్పుడు మిల్లీమీటరు పొడవున్న ఆ తెల్లటి కొనలు తెగిపోతాయి, లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఒక ఆకును మొదట్లో రెండు వేళ్లతో పట్టుకుని, వెంట్రుకను లాగినంత మెల్లగా లాగి చూడండి. ఇసుక కొంచెం బిగుసుకున్నట్టు అనిపిస్తే చాలు. మధ్యలో నుంచి సన్నటి కొత్త ఆకు కనబడినా వేరు పట్టినట్టే. పక్కన ఇసుకలోంచి తీగ పాకి చిన్న పిలక లేచిన రోజు మీ ఆవిడను పిలిచి చూపించండి.

ప్రశ్న: మేడమ్, అనుబియాస్ అని ముదురాకుపచ్చ ఆకుల మొక్క, జావా ఫెర్న్ ఒకటి కొన్నాను. మీరు చెప్పినట్టే లోతుగా ఇసుకలో నాటాను. కదలకుండా గట్టిగానే నిలబడ్డాయి, కానీ నెల తిరిగేసరికి ఆకులు ఒక్కొక్కటే ఊడిపోయి, కింద పట్టుకుంటే మెత్తగా, కంపు కొడుతోంది. (మడిప్పాక్కం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఈ రెండూ ఇసుకలో నాటే మొక్కలు కావు. నేనూ మొదట్లో సరిగ్గా ఇదే చేశాను. కొళత్తూరులో ఒక దుకాణంలో కొన్నప్పుడు ఇసుకలో పాతేయమని చెప్పారు, నమ్మి పాతాను. నలభై రోజుల తర్వాత పైకి తీస్తే చేతికి కుళ్లిన అల్లం ముక్కలాగా వచ్చింది. ఆ వాసన రెండు రోజులు చేతికి వదల్లేదు. అంత మంచి మొక్కను చంపుకున్నానే అని చాలా బాధపడ్డాను.

అల్లం, పసుపు కొమ్ము ఎలా అడ్డంగా పాకుతాయో, అనుబియాస్‌కూ జావా ఫెర్న్‌కూ ఆకులన్నీ అలాంటి ఒక కొమ్ము మీద నుంచే వస్తాయి. అల్లం మట్టిలో ఉంటుంది గానీ, వీటి కొమ్ము మాత్రం ఎప్పుడూ నీళ్లు తగిలేలా బయటే ఉండాలి. వాగుల్లో రాళ్లకూ చెట్ల వేళ్లకూ పట్టుకుని పెరిగే మొక్కలివి. అందుకని ఒక రాయికో, డ్రిఫ్ట్‌వుడ్ ముక్కకో కట్టాలి. మామూలు నూలు దారంతో నాలుగు చుట్లు చుట్టండి, దారం కుళ్లి ఊడిపోయే లోపల వేళ్లు చెక్కను పట్టేసుకుంటాయి. జావా ఫెర్న్‌కు కొంచెం ఎక్కువ టైమ్ పడుతుంది, దానికి గేలం దారం మంచిది. జిగురుతో అంటించాలంటే ఫెవిక్విక్ లాంటి సైనోఅక్రిలేట్ జిగురు పనికొస్తుంది, గట్టిపడ్డాక చేపలకు హాని చేయదు. రాయిని గుడ్డతో తుడిచి, ఒక్క చుక్క వేసి, కొమ్మును కాదు, దాని కింద వేళ్లను అద్దండి. అర నిమిషం పట్టుకుని నీళ్లలో పెట్టేయొచ్చు. జిగురు ఆరిన చోట తెల్ల మచ్చ కనబడుతుంది, వేళ్లు పెరిగాక అది కప్పుకుపోతుంది.

మీ దగ్గర ఉన్నదాన్ని ఇప్పుడే పైకి తీసి, మెత్తబడినంత మేర కత్తితో కోసేయండి. లోపల పచ్చగా, గట్టిగా ఉన్న ముక్క రెండు అంగుళాలు మిగిలినా, ఆకు ఒక్కటీ లేకపోయినా సరే, రాయికి కట్టి వదిలేయండి. నెలా రెండు నెలల్లో చిగురు వస్తుంది. అనుబియాస్ అంత మొండి మొక్క ఇంకోటి నేను చూడలేదు. గోల్డ్‌ఫిష్ ఉన్నవాళ్లకు కూడా ఈ రెండూ మంచివి, ఆకులు దళసరిగా ఉంటాయి కాబట్టి పెద్దగా కొరకవు.

ప్రశ్న: క్రిప్టోకోరిన్ కుండీ ఒకటి కొని నాటాను. వారంలో ఆకులన్నీ గాజులాగా పారదర్శకంగా అయ్యి కరిగిపోయాయి. జబ్బు పట్టిందా? పీకి పారేయమంటారా? (అంబత్తూరు)

జవాబు: పీకకండి! దీనికి జబ్బు లేదు. క్రిప్టోకోరిన్‌కు చోటు మారినా, వెలుతురు మారినా, నీళ్లు మారినా ఆకులు కరిగించేసుకునే స్వభావం ఉంది. వేళ్లు లోపల బతికే ఉంటాయి. కరిగిన ఆకులను చేత్తో తీసేసి, కుండీని ఉన్నచోటే ఉంచితే మూడు నాలుగు వారాల్లో కొత్త నీళ్లకు తగ్గ కొత్త ఆకులు వేస్తుంది. ఆ తర్వాత మాత్రం దాని చోటు మార్చకండి.

ఇంకో సంగతి. నర్సరీల్లో ఇలాంటి మొక్కలను చాలావరకు నీళ్ల పైన, తడి గాలిలో పెంచుతారు. అలా పెరిగిన ఆకులు గాలిని పీల్చడానికి అలవాటుపడినవి, నీళ్లలో మునగగానే పనికిరావు. అమెజాన్ స్వోర్డ్, వాటర్ విస్టేరియా, బకోపా కూడా కొన్న నెలలోపు పాత ఆకులు పోగొట్టుకోవడం మామూలే. చూడాల్సింది రాలే ఆకులను కాదు, వచ్చే ఆకులను. కొత్త ఆకు చక్కగా వస్తుంటే మొక్క బాగున్నట్టే. విస్టేరియా, బకోపా లాంటి కాడ మొక్కలు నాటేటప్పుడు కింది రెండు కణుపుల ఆకులు తుంచేసి, ఆ రెండు కణుపులూ ఇసుకలోకి పోయేలా ఏటవాలుగా గుచ్చండి. వేళ్లు పుట్టేది కణుపు దగ్గరే. నిటారుగా గుచ్చితే జారి పైకి వస్తుంది, ఏటవాలుగా గుచ్చితే ఇసుక బరువు దాని మీద పడుతుంది. ఒక్కో కాడకూ మధ్య వేలెడు దూరం వదలండి, పొడవాటి పట్టకారు ఉంటే పని తేలిక.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో కొన్నిరోజులు మెట్రో వాటర్ (చెన్నై కుళాయి నీళ్లు), కొన్నిరోజులు బోరు, ఎండాకాలమైతే లారీ నీళ్లు. మొక్కలకు ఏది మంచిది? ఆర్.ఓ. నీళ్లు పోస్తే శుభ్రంగా ఉంటుంది కదా? మే నెలలో తొట్టి నీళ్లు ముట్టుకుంటే వెచ్చగా ఉంటున్నాయి, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. (తిరువాన్మియూరు)

జవాబు: ఆర్.ఓ. నీళ్లు ఒక్కటే పోయకండి. అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. మనకు తాగడానికి బాగుంటుంది గానీ మొక్కకు పస్తు పెట్టినట్టే.

మెట్రో వాటర్ మంచిదే, కానీ అందులో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి ఒక రోజు గాలి తగిలేలా ఉంచితే క్లోరిన్ పోతుంది, తొందరగా కావాలంటే షాపుల్లో దొరికే డీక్లోరినేటర్ చుక్కలు వేయండి. ఈ మెట్రో నీళ్లలో మనవాళ్ల నీళ్లు కూడా కలుస్తాయి, కండలేరు నుంచి కాలువలో పూండి చేరే కృష్ణా నీళ్లు. తొట్టి నింపుతున్నప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది, నెల్లూరు దాటి వచ్చిన నీళ్లలో నెల్లూరు మనిషి మొక్కలు పెంచుతోందని సంతోషంగా ఉంటుంది.

బోరు, లారీ నీళ్లు గట్టిగా ఉంటే భయపడక్కర్లేదు. వాలిస్నేరియాకు గట్టి నీళ్లే ఇష్టం, నీటిలోని బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలదు. గప్పీలు, మాలీలు కూడా అలాంటి నీళ్లలో హాయిగా ఉంటాయి. కానీ సముద్రం ఒడ్డున ఉన్న ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు. నాలుక మీద వేసుకుంటే ఉప్పు తెలిసేంత ఉంటే మొక్కలకు వాడకండి, సగం ఆర్.ఓ. నీళ్లు కలిపి చూడండి. ముఖ్యమైన విషయం ఏంటంటే ఒక వారం ఒక రకం, ఇంకో వారం ఇంకో రకం మార్చేయొద్దు. మొక్కలు ఏ నీళ్లకైనా మెల్లగా అలవాటుపడతాయి, హఠాత్తుగా మారితేనే తట్టుకోలేవు. ఒకేసారి నాలుగో వంతుకంటే ఎక్కువ మార్చకండి.

ఇక ఎండల సంగతి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. పైగా చీకటి పడ్డాక మొక్కలు కూడా చేపల్లాగే ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకే మీ చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోరు తెరుస్తాయి. రాత్రంతా ఎయిర్ పంప్ ఆన్‌లో ఉంచండి. తొట్టి మూత తీసి, ఒక చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి ఉపరితలానికి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. నీళ్లు ఆవిరవుతాయి కాబట్టి రోజూ కొంచెం పోస్తూ ఉండాలి. ఐస్‌ముక్కలు వేయొద్దు. కత్తిరి ఎండల్లో లైటు ఆరు గంటలు మించనివ్వకండి, వేడికి తోడు ఎక్కువ వెలుతురు పడితే మొక్కల కంటే ముందు నాచు పెరుగుతుంది. కొత్త మొక్కలు నాటడం కూడా జూన్ చివరిదాకా ఆగితే మంచిది, వేరు పట్టే సమయంలో వేడి దెబ్బ తగిలితే తేరుకోవడం కష్టం.

ప్రశ్న: మొక్కలు పసుపు తిరుగుతున్నాయని నాన్నగారు కుండీ మొక్కలకు వేసే డీఏపీ గుప్పెడు తొట్టిలో వేశారు. రెండు రోజుల్లో చేపలన్నీ పోయాయి. ఇప్పుడేం చేయాలి? (పెరంబూరు)

జవాబు: చాలా బాధగా ఉంది బాబూ. నాన్నగారిని ఏమీ అనకండి, పొలం తెలిసిన మనిషి మొక్క పసుపు తిరిగితే ఎరువే వేస్తాడు. డీఏపీ, యూరియా నీళ్లలో అమ్మోనియా వదులుతాయి, అది చేపలకు విషం. వర్మీ కంపోస్టు, పేడ కూడా చేపలున్న నీళ్లలో వద్దు. ఇసుక తీసి బాగా కడిగి, నీళ్లన్నీ మార్చి, నాలుగైదు వారాలు చేపలు లేకుండా ఫిల్టర్ నడిపించండి. మొక్కలు మాత్రం అందులోనే ఉంచండి, మిగిలిన అమ్మోనియాను అవే వాడుకుంటాయి. చేపలు వేసే ముందు టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, దాని నుంచి పుట్టే ఇంకో విషం నైట్రైట్, రెండూ సున్నా ఉన్నాయో లేదో చూడండి.

ఇక ముందు ఎరువు కావాలంటే అక్వేరియం రూట్ ట్యాబ్లెట్లు వాడండి. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరిన్ వేళ్లతో తినే మొక్కలు, వాటి మొదలుకు కొంచెం దూరంలో ఇసుక అడుగుదాకా ట్యాబ్లెట్ గుచ్చితే రెండు మూడు నెలలు వస్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్‌లకు అడుగున ఏం పెట్టినా ఉపయోగం లేదు, వాటికి నీళ్లలో కలిపే ద్రవ ఎరువు చుక్కలే.

ప్రశ్న: మొక్కలతో పాటు నత్తలు వచ్చాయి. రోజురోజుకీ పెరిగిపోతున్నాయి, మొక్కలను తినేస్తాయా? (వేళచ్చేరి)

జవాబు: మామూలు చిన్న నత్తలు బాగున్న ఆకుల జోలికి పెద్దగా పోవు, కుళ్లిన ఆకులూ నాచూ తింటాయి. పైన చెప్పిన వారింగ్టన్ తొట్టిలో కూడా వాలిస్నేరియా ఆకులు కుళ్లి నీళ్లు పాడవుతుంటే, ఆయన నత్తలు వేసే ఆ సమస్య తీర్చుకున్నాడు. మరీ పెరిగిపోతున్నాయంటే మీరు చేపలకు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం, తగ్గించండి. రాత్రి ఒక దోసకాయ ముక్క వేసి పొద్దున్నే దానికి పట్టిన నత్తలతో సహా తీసేయొచ్చు. కొత్తగా కొనే మొక్కలనైతే లీటరు నీటికి ఒక టీస్పూన్ పటిక పొడి కలిపి రెండు మూడు గంటలు నానబెట్టి, మంచినీళ్లతో బాగా కడిగి నాటండి. గుడ్లు ఒకటో రెండో మిగిలినా చాలావరకు పోతాయి.

ప్రశ్న: మొక్కలను పీకని చేపలు ఏవి, పీకేవి ఏవి? (పోరూరు)

జవాబు: గప్పీలు, నియాన్ టెట్రాలు, రాస్‌బోరాలు, జీబ్రా డానియోలు మొక్కలకు ఏ హానీ చేయవు. కోరిడోరాస్ ఇసుకలో వెతుక్కుంటాయి గానీ వేరు పట్టిన మొక్కను కదపలేవు, అందుకని వాటిని ఆఖర్న వేయండి. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ ఉన్న తొట్టిలో నాటే మొక్కల ఆశ వదులుకోండి. సిల్వర్ డాలర్ ఆకులు మేకలాగా మేస్తుంది. ప్లెకో చిన్నప్పుడు నాచు తింటుంది, పెద్దయ్యాక అమెజాన్ స్వోర్డ్ ఆకులను గీకి జల్లెడ చేస్తుంది.

ప్రశ్న: అక్కా, మీ మాట విని రెండేళ్ల కింద పెట్టిన వాలిస్నేరియా ఇప్పుడు తొట్టి నిండా అల్లుకుంది. నెలకో బకెట్ పీకుతున్నాను. దగ్గర్లో చెరువు ఉంది, అందులో వదలొచ్చా? విజయవాడలో మా చెల్లి కూడా అడుగుతోంది, రైల్లో తీసుకెళ్తే బతుకుతాయా? (కొళత్తూరు)

జవాబు: ఈ ఉత్తరం చదివి ఎంత సంతోషమేసిందో! చెరువులో మాత్రం వద్దమ్మా, ఒక్క కాడ కూడా. వాలిస్నేరియా మన చెరువుల్లో ఉండేదే అయినా, తొట్టి నీళ్లతో పాటు ఏ బయటి మొక్క ముక్క వెళ్తుందో, ఏ నత్త, ఏ జబ్బు వెళ్తుందో తెలియదు. గుర్రపు డెక్క దక్షిణ అమెరికా మొక్క, పువ్వు అందంగా ఉందని తెచ్చిందే, ఈరోజు ఎన్ని చెరువులను ఊపిరాడకుండా కప్పేసిందో మీరే చూస్తున్నారు. మిగిలినవి ఎండబెట్టి కుండీ మొక్కల మొదట్లో వేయండి, మంచి ఎరువు. కొళత్తూరులోనే ఉన్నారు కాబట్టి అక్కడి అక్వేరియం దుకాణాల్లో అడిగి చూడండి, ఆరోగ్యంగా ఉన్న మొక్కలకు బదులుగా మేతో ఇంకో మొక్కో ఇచ్చేవాళ్లు ఉంటారు.

చెల్లికి తప్పకుండా పట్టుకెళ్లండి. నీళ్లలో పెట్టి మోయక్కర్లేదు. పిలకలను తీగ తెంచి విడదీసి, పొడవు ఆకులను జానెడు ఉంచి కత్తిరించండి. తడిపి పిండిన న్యూస్‌పేపర్‌లో మొదళ్లు, ఆకులు మొత్తం చుట్టి, పాలిథీన్ సంచిలో పెట్టి, మూతి కట్టేముందు కొంచెం గాలి ఊది ఉంచండి. విజయవాడకు ఏడెనిమిది గంటల ప్రయాణం, ఒకటిన్నర రోజు పట్టినా వాటికేమీ కాదు. కిటికీ పక్కన ఎండ తగిలేచోట మాత్రం పెట్టొద్దు, సీటు కింద పెట్టండి. దిగగానే చెల్లి ఇంటి బకెట్ నీళ్లలో రాత్రంతా తేలనిచ్చి, పొద్దున నాటించండి. నాటాక మూడు వారాలు ముట్టుకోవద్దని ఆమెకు గట్టిగా చెప్పండి.